లేదా, కనబడలేదా?

దేవనహళ్ళిలో పంపరపనస కొని, ఒలుచుకు తినకుండా, దానికి జెల్ పూసి స్కానింగ్ చేసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇక్కడివాళ్ళు దాన్ని చక్కోత అంటారు. ఊరి పేరుతోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పండు. తలకాయంత ఉంటుంది, లోపల తొనలు వరసగా పేర్చినట్టుంటాయి. పిల్లలకు అల్ట్రాసౌండ్ నేర్పడానికి ఇంతకంటే చవకైన బొమ్మ ఎక్కడ దొరుకుతుందని నా ఆశ. డ్యూటీ అయ్యాక మా విభాగంలో యంత్రం ఆన్ చేసి ప్రోబ్ ఆనించాను. లోతు పెంచాను, తగ్గించాను, ప్రోబ్ మార్చాను. తెర మీద పైన ఒక తెల్లటి గీత, దాని కింద అంతా బూడిదరంగు మసక. తొన లేదు, గింజ లేదు.

తొక్క కింద దూదిలా మందంగా ఉండే తెల్లపొర ఉంది చూశారూ, పని చెడగొట్టింది అదే. దాని నిండా గాలి. నీటిలో, కండలో, కాలేయంలో హాయిగా సాగిపోయే ధ్వని తరంగానికి గాలి ఎదురైతే గోడే. అక్కడ తగిలి వెనక్కి తిరుగుతుంది. ఇక ఏం చేస్తాం, పండు కోసుకుని తిన్నాం. తొనలన్నీ పదిలంగా ఉన్నాయి. యంత్రం వాటిని లేవని ఎప్పుడూ అనలేదు, చూపించలేకపోయిందంతే. లేవన్నది తెర ముందు కూచున్న నేను.

ఈ అధ్యాయం ఆ తేడా గురించి. ఎంబీబీఎస్ చదువుతూ, రేపో మాపో రోగి మంచం పక్కన ప్రోబ్ పట్టుకుని పరీక్షకు నిలబడబోయే మీకోసం రాస్తున్నాను. చేతిని ఎలా కొలుస్తారో ముందే తెలిస్తే దాన్ని ఎలా సాధన చేయించాలో తెలుస్తుంది. కొలిచే అధ్యాపకులు కూడా చదివితే సంతోషం. వాళ్ళతోనూ నాకు కాస్త పని ఉంది.

దారి మీది ఊరు

దేవనహళ్ళి అనగానే కొందరికి కోట గుర్తొస్తుంది, 1750లో అక్కడ పుట్టిన టిప్పు గుర్తొస్తాడు. ఎక్కువమందికి 2008 మేలో మొదలైన విమానాశ్రయం గుర్తొస్తుంది. క్యాజువాల్టీలో పనిచేసేవాళ్ళకు మాత్రం రోడ్డే. హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం, పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరిని ఒరుసుకుంటూ బెంగళూరులోకి దిగుతుంది. రాత్రి బస్సులు, కూరగాయల లారీలు, తెల్లవారుజామున విమానం అందుకోవాలని తరుముకొచ్చే కార్లు, వీటి మధ్య ముగ్గురెక్కిన మోటారు సైకిళ్ళు.

ఇలాంటి దారి పక్కన ఏ ఆసుపత్రిలోనైనా, పొట్టకు దెబ్బ తగిలి బీపీ పడిపోతున్న మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొస్తే వెంటనే తేలాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది: లోపల రక్తం కారుతోందా? సీటీ గదికి తీసుకెళ్ళే వ్యవధి ఉండకపోవచ్చు. అప్పుడు చేసేదే ఫాస్ట్. నాలుగు చోట్ల చూస్తాం. కుడివైపు కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య, ఎడమవైపు ప్లీహం చుట్టూ, పొత్తికడుపులో మూత్రాశయం దగ్గర, రొమ్మెముక కింద నుంచి గుండె చుట్టూ. అప్పుడే కారిన రక్తం తెర మీద నల్లగా కనిపిస్తుంది. చేయి తిరిగినవాళ్ళకు నాలుగైదు నిమిషాల పని. ఇలా రోగి దగ్గరే చేసే స్కానింగ్ మొత్తాన్ని మా వాళ్ళు పోకస్ అంటారు.

1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం పొట్ట అల్ట్రాసౌండ్ బొమ్మలను లాన్సెట్ పత్రికలో అచ్చువేసిన రోజుల్లో ఆ యంత్రం కదిలించడానికి వీల్లేనంత పెద్దది. ఇప్పుడది జేబులో పడుతుంది. అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం 2006లోనే వైద్య విద్యార్థులకు మొదటి ఏడాది నుంచి నేర్పడం మొదలుపెట్టింది. నేర్పడం వరకు బాగానే ఉంది. నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది?

నేను వేసిన తప్పు మార్కులు

కొన్నేళ్ళ కిందట, వేరే ఊళ్ళో ఒక కాలేజీలో, హౌస్ సర్జన్లకు ఫాస్ట్ మీద చిన్న పరీక్ష పెట్టాం. మార్కుల కాగితం తయారుచేసింది నేనే. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

హిందూపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు ముందు వచ్చాడు. చేతిలో చురుకు ఉంది. చకచకా నాలుగు చోట్లా పెట్టి, రెండు నిమిషాలు కాకముందే ప్రోబ్ తుడిచేసి, “ఫ్రీ ఫ్లూయిడ్ లేదు సార్” అన్నాడు. పదికి తొమ్మిది.

తరవాత వచ్చిన అమ్మాయికి ఎడమవైపు అస్సలు కుదరలేదు. పక్కటెముక నీడ, దానికి తోడు పొట్టలో గాలి. పడుకున్నతన్ని ఊపిరి బిగబట్టమంది, ప్రోబ్‌ను ఇంకా వెనక్కి, పరుపుకు తగిలేదాకా తీసుకెళ్ళింది, ఒక ఎముక పైకి జరిపింది. చివరికి చెప్పింది: “కుడివైపు, కింద, గుండె చుట్టూ ఫ్లూయిడ్ లేదు సార్. ఎడమవైపు నాకు సరిగా కనబడలేదు. ఇంకొకర్ని చూడమనాలి.” నా కాగితంలో ‘నాలుగు వ్యూలూ తెచ్చారా’ అని గడి ఉంది. ఆమె తెచ్చినవి మూడు. పదికి ఆరు.

ఆ రాత్రి రికార్డయిన క్లిప్పులు మళ్ళీ వేసుకుని చూశాను. కుర్రాడి ఎడమవైపు బొమ్మ కూడా అచ్చం అలాగే ఉంది. అదే ఎముక నీడ, సగం మూత్రపిండం. ప్లీహానికి పైన డయాఫ్రమ్ జాడే లేదు. అతనికీ కనబడలేదు. కాకపోతే అతను ‘లేదు’ అన్నాడు. నేను దానికి మూడు మార్కులు ఎక్కువ వేశాను.

ఆ రోజు పడుకున్నది ఆరోగ్యంగా ఉన్న వాలంటీరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మార్కులు దిద్దడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు. మర్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి క్లిప్పులు చూపించాను.

కొలబద్దలు

1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ వైద్య విద్యార్థుల పరీక్షకు కొత్త పద్ధతి తెచ్చాడు. గది గదికీ ఒక పని, ప్రతి విద్యార్థికీ అదే పని, అదే సమయం, అదే మార్కుల కాగితం. మనవాళ్ళు ఆస్కీ అని పిలిచేది దాన్నే. పరీక్షకుడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడే పాత వైవా కంటే అది ఎంతో న్యాయం. 1990లో జార్జ్ మిల్లర్ నాలుగు మెట్లు చెప్పాడు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తున్నాడు. మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి అమల్లోకి వచ్చిన పాఠ్యప్రణాళికలో ప్రతి అంశం పక్కనా కె, కెహెచ్, ఎస్‌హెచ్, పి అని అక్షరాలు కనిపిస్తాయే, అవి ఆ మెట్ల వారసులే. ఆస్కీ గదిలో మూడో మెట్టు దాకా కొలవగలం. నాలుగోది కొలవాలంటే అర్ధరాత్రి క్యాజువాల్టీలో, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మీరేం చేస్తున్నారో చూడాలి.

అల్ట్రాసౌండ్‌కే ప్రత్యేకంగా 2013లో డెన్మార్క్‌వాళ్ళు ఒక కొలబద్ద ప్రచురించారు. పేరు ఓసాస్. ఎన్నో విభాగాల నిపుణులను అడిగి, వాళ్ళంతా ఒప్పుకున్న ఏడు విషయాలు అందులో పెట్టారు. ఈ స్కానింగ్ ఎందుకు చేస్తున్నావు? యంత్రం నీకు లొంగుతుందా? బొమ్మను మెరుగుపరచుకోగలవా? ఒక వరస ప్రకారం చూస్తున్నావా? చూసినదానికి అర్థం చెప్పగలవా? రాసిపెట్టావా? దాన్నిబట్టి రోగికి ఏం చేద్దామంటావు? ఒక్కోదానికి ఐదు మార్కుల మెట్టు. నా పాత కాగితంతో పోల్చి చూసుకుంటే నాకు సిగ్గేసింది. నేను కొలిచింది రెండో విషయం, మూడో విషయం. మిగిలిన ఐదూ గాలికొదిలేశాను.

లెక్కలతో కొలిచేవాళ్ళూ ఉన్నారు. అమెరికా ఎమర్జెన్సీ వైద్యుల సంఘం తమ వైద్యులకు ఒక్కో రకం స్కానింగ్‌కు 25 నుంచి 50 వరకు చేసి ఉండాలంటుంది, వాటి నాణ్యతను ఎవరైనా సరిచూసి ఉండాలని కూడా అంటుంది. మనవాళ్ళు మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం మరిచిపోతారు. లాగ్‌బుక్‌లో యాభై సంతకాలుంటే చాలనుకుంటారు. యాభైసార్లు తప్పుగా పట్టిన ప్రోబ్ యాభై ఒకటోసారి దానంతటది సరిగా రాదు. తప్పు ఇంకా గట్టిపడుతుంది.

చేతికి పని

ప్రోబ్‌ను పెన్ను పట్టినట్టు, కొసకు దగ్గరగా పట్టుకోండి. చిటికెన వేలో అరచేతి అంచో రోగి ఒంటికి ఆనాలి. చాలామంది పిల్లలు మైకు పట్టుకున్నట్టు పైన పట్టుకుంటారు. రోగి ఊపిరి పీల్చగానే బొమ్మ జారిపోతుంది, మళ్ళీ వెతుకులాట. చేయి ఆనితే ఒంటితోపాటే కదులుతుంది.

జెల్ దగ్గర పిసినారితనం వద్దు. గాలి గోడ అని పంపరపనస దగ్గర చూశాం కదా, ప్రోబుకీ చర్మానికీ మధ్య పలచటి గాలి చాలు, బొమ్మ పోతుంది. ప్రోబ్ మీది గుర్తు ఎటుందో ప్రతిసారీ చూసుకోండి. ముందు లోతు ఎక్కువ పెట్టి చుట్టుపక్కల ఏముందో తెలుసుకుని, తరవాత తగ్గించండి.

కదలికలు నాలుగు. జరపడం, వంచడం, తిప్పడం, ఊపడం. ఒకసారి ఒకటే చేయండి. తెర మీద బొమ్మ నచ్చకపోతే కంగారులో నాలుగూ కలిపేస్తాం. అప్పుడు ఏ కదలికకు ఏం మారిందో చేతికి అంతుబట్టదు. చేయి నేర్చుకునేది ఆ జతను, ‘ఇలా వంచితే అది ఇలా మారింది’ అన్న ముడిని. పక్కన ఒకరు నిలబడి ‘ఇప్పుడేం చేశావ్?’ అని అడుగుతూ ఉంటే, పైకి చెబుతూ చేయండి. మొదట వింతగా ఉంటుంది. పరీక్షలో మాత్రం పరీక్షకుడికి మీ బుర్రలోకి అదొక్కటే కిటికీ.

ఇప్పుడు అసలు మెలిక. కుడివైపు అందరూ కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య సందు చూసి వదిలేస్తారు. కాలేయపు కింది కొస దగ్గర కూడా చూడాలి. కొద్దిపాటి రక్తం అక్కడే ముందు చేరుతుంది. ఎడమవైపు దీనికి తిరకాసు. ప్లీహానికీ మూత్రపిండానికీ మధ్య కంటే, ప్లీహానికీ డయాఫ్రమ్‌కూ మధ్య ముందు చేరుతుంది. ఆ చోటు పైన, వెనక ఉంటుంది. పక్కటెముకలు అడ్డం. అందుకే అక్కడికి చేయి పోదు, పోకపోయినా నోరు ‘లేదు’ అనేస్తుంది. పొత్తికడుపు చూసేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉంటే అది కిటికీలా పనికొస్తుంది, కాబట్టి కాథెటర్ వేయడానికి ముందే చూడగలిగితే మేలు.

ఇంతా చేసి నాలుగూ చక్కగా కనబడి, ఎక్కడా నలుపు లేకపోయినా, రక్తస్రావం లేదని చెప్పడానికి లేదు. కొన్ని వందల మిల్లీలీటర్లు పోగైతే తప్ప చాలామంది చేతికి దొరకదు. దెబ్బ తగిలిన పది నిమిషాలకు లేనిది గంట తరవాత ఉండొచ్చు. పేగుల వెనక, నడుము వైపు కారేది ఫాస్ట్‌లో దాదాపు కనిపించదు. కాబట్టి పరీక్షలో మీ చివరి వాక్యం ‘ఇప్పటికి, ఈ నాలుగు చోట్ల, నాకు నలుపు కనిపించలేదు. కాసేపటికి మళ్ళీ చూస్తాను’ అన్నట్టుండాలి. ఆ ‘ఇప్పటికి’ అన్న మాటకు నేనైతే విడిగా ఒక మార్కు వేస్తాను.

హాస్టల్ గదిలో వద్దు

జేబులో పట్టే ప్రోబ్ కొని ఫోనుకు తగిలించుకుని హాస్టల్లో స్నేహితుల మీద సాధన చేస్తే తప్పేముందని ఏటా ఒకరైనా అడుగుతారు. మన దేశంలో తప్పే. ఆడపిల్లల గర్భస్థ హత్యలను ఆపడానికి 1994లో వచ్చి, 2003లో బిగుసుకున్న పీసీపీఎన్‌డీటీ చట్టం కింద, పిండాన్ని చూపగల యంత్రం ఏదైనా నమోదైన చోటే ఉండాలి. నమోదు లేనివాళ్ళకు అమ్మడమూ నేరమే. అమెరికా వీడియోల్లో కుర్రాళ్ళు ఇంట్లో సోఫా మీద చేస్తున్నారని మనమూ చేయకూడదు. కాలేజీ యంత్రం, కాలేజీ చోటు, పక్కన అధికారం ఉన్న అధ్యాపకుడు. వాలంటీర్లుగా మగవాళ్ళను తీసుకోవడం అన్ని విధాలా సుఖం. గర్భిణికి ప్రమాదం జరిగి ఫాస్ట్ చేయాల్సి వస్తే ప్రోబ్ పెద్దల చేతికివ్వండి, నోరు కట్టేసుకోండి.

చిరాకు పెట్టే చట్టమని అనుకునేవాళ్ళున్నారు. కాగితాల బెడద నాకూ తెలుసు. కానీ ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పించుకునే దారులు వెతకరు.

“ఏమప్పా, ఏముంది లోపల?”

బాగేపల్లి నుంచి వచ్చిన ముసలాయన, మన భాషే, చివర కన్నడ యాస. తెర వైపు చూడడు, మీ మొహం చూస్తాడు. మీ కనుబొమ్మ ముడిపడితే ఆయన గుండె ఆగినంత పనవుతుంది. జెల్ చల్లగా ఉంటుందని ముందే చెప్పండి. చొక్కా ఎంతవరకు కావాలో అంతవరకే పైకి జరపండి. “పెద్దాయనా, ఊపిరి లోపలికి తీసుకోండి, బిగబట్టండి” అని, బొమ్మ రాగానే “ఇక వదిలేయండి” అనడం మరిచిపోకండి. పాపం, చాలామంది మీరు చెప్పేదాకా బిగబట్టే ఉంటారు. కన్నడవాళ్ళకైతే “ఉసిరు హిడ్కొళ్ళి”. ఇక్కడ చదువుకునే అనంతపురం పిల్లలు నేర్చుకోవాల్సిన మొదటి కన్నడ వాక్యం అదే.

ఆయన ప్రశ్నకు జవాబు? “నీళ్ళున్నాయి, ఆపరేషన్ చేయాలి” అని ఆస్కీలో ఒకబ్బాయి వాలంటీరుకు చెప్పేశాడు. అతను నిజంగానే లేచి కూచున్నాడు. “చూస్తున్నాను పెద్దాయనా, మా మేడమ్‌తో మాట్లాడి వచ్చి చెప్తాను” అంటే చాలు. చెప్పినట్టు వెనక్కి రావాలి మరి.

అధ్యాపకులతో కాస్త

పరీక్షకు సన్నగా, ఎముకలు కనిపించే కుర్రాణ్ణే వాలంటీరుగా పెడతాం. బొమ్మ ఇట్టే వస్తుంది, పరీక్ష తొందరగా అయిపోతుంది. దయచేసి ఒక స్టేషన్లోనైనా స్కానింగ్‌కు లొంగని మనిషిని పెట్టండి. బాగా తిని వచ్చినవాడైతే మరీ మంచిది. ఎవరి చేయి ఏమిటో అక్కడే బయటపడుతుంది.

క్లిప్పులు రికార్డు చేసి, పేర్లు తీసేసి, రెండో అధ్యాపకుడితో కూడా మార్కులు వేయించండి. మీ ఇద్దరికీ తేడా ఎక్కువొస్తే లోపం విద్యార్థిది కాదు, కాగితానిది. టిక్కులు పెట్టే గడులు మొదటి ఏడాది పిల్లలకు సరిపోతాయి. అనుభవం పెరిగేకొద్దీ మనిషి అనవసరమైన అడుగులు వదిలేస్తాడు, గడుల కాగితం అతణ్ణి శిక్షిస్తుంది. అక్కడ ‘రాత్రి డ్యూటీలో ఇతనొక్కణ్ణే వదిలి నేను పడుకోగలనా?’ అన్న ప్రశ్న వేసుకుని మొత్తం మీద ఒక మార్కు ఇవ్వడం మేలు. ఆ ప్రశ్న నా సొంతం కాదు. 2005లో నెదర్లాండ్స్‌కు చెందిన ఓలె టెన్ కేట్ ప్రవేశపెట్టిన ఆలోచనకు క్యాజువాల్టీ అనువాదం.

నా కాగితంలో ఇప్పుడు ప్రతి వ్యూకూ మూడు గడులున్నాయి. ఉంది. లేదు. కనబడలేదు. మూడో గడిలో టిక్కు పెట్టి, ఎందుకు కనబడలేదో, ఏమేం ప్రయత్నించారో చెబితే పూర్తి మార్కులు. కనబడకుండా ‘లేదు’ అంటే సున్నా, ఎంత చురుకైన చేయి అయినా. ‘అయితే పిల్లలంతా కనబడలేదని తప్పించుకుంటారు కదా’ అని సహోద్యోగి ఒకరు అడ్డుపడ్డారు. ఆయన భయం నిజమే, మొదట్లో ఒకరిద్దరు ఆ పని చేశారు. అందుకే ‘ఏమేం ప్రయత్నించారు’ అన్న షరతు. ఊపిరి పట్టించలేదు, ప్రోబ్ వెనక్కి తీసుకెళ్ళలేదు, ఎముక మార్చలేదు అంటే అది కనబడకపోవడం కాదు, చూడకపోవడం.

ఇక మీ పని. ఇరవై రూపాయల నోటుపుస్తకం కొనండి. పేజీకి మూడు నిలువు గీతలు గీసి అవే మూడు మాటలు పైన రాసుకోండి. రోగి పేరు, నంబరు రాయొద్దు, తేదీ చాలు. పర్యవేక్షణలో చేసిన ప్రతి ఫాస్ట్‌కూ నాలుగు వ్యూలకూ టిక్కులు పెట్టండి, అదీ సీటీ రిపోర్టు గానీ సీనియర్ మాట గానీ వినక ముందే. తరవాత అసలు ఫలితం తెలిశాక ఎర్ర పెన్నుతో పక్కన రాయండి. ‘లేదు’ అన్న చోట ఎర్ర పెన్ను ‘ఉంది’ అని ఎన్నిసార్లు దిద్దిందో నెల తిరిగేసరికి లెక్క తేలుతుంది.

మొదటి రెండు వారాలకే మూడో గడి మొత్తం ఖాళీగా ఉందనుకోండి, సంబరపడకుండా ఆ పుస్తకం తీసుకెళ్ళి అధ్యాపకుడికి చూపించి, మీ పక్కన నిలబడి ఒక ఎడమవైపు వ్యూ చూడమని అడగండి.